సైనైడ్ దిబ్బ మట్టితో ఇల్లు కట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది కుప్పం దగ్గర ఒక పల్లె. మా తాతగారు కోలారు బంగారు గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశారు. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళితే, కొండల్లా ఉండే బూడిదరంగు దిబ్బల మీద జారుతూ ఆడుకునేవాళ్లం. అవి సైనైడ్ దిబ్బలని, అటు పోవద్దని అమ్మమ్మ కోప్పడేది. ఇప్పుడు మేము ఇల్లు కడుతున్నాం. పునాది పూర్తయింది. గోడలకు సిమెంటు ఇటుకలు బయటి ధర కంటే బాగా తక్కువకు ఇప్పిస్తానని ఒకాయన వచ్చాడు. ఎందుకంత తక్కువ అంటే, గని మట్టి కలిపి చేస్తారని, ఇప్పుడు అన్నిచోట్లా ఇదే పద్ధతని చెప్పాడు. ఇంట్లో వాళ్లకు నచ్చింది. నాకు మాత్రం భయంగా ఉంది. తమ్ముడికి ఫోను చేసి చెబితే, "అక్కా, మా ఫ్యాక్టరీలోనూ గని వ్యర్థం కలుపుతారు. నువ్వు కొనే బస్తాలోనూ అది ఉండే ఉంటుంది" అన్నాడు. వాడు కడప జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు, దుమ్ము పట్టే ఫిల్టర్ల దగ్గర. నెలకోసారి ఇంటికి వస్తాడు, వాడి డ్యూటీ బట్టలు నేనే ఉతుకుతాను. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. నీళ్ల సంపు కూడా కట్టించాలి. ఆ సిమెంటు వాడవచ్చా? ఆ ఇటుకలు కొనవచ్చా? రెండూ ఒకటేనా? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. రెండూ ఒకటి కావు. మీ తమ్ముడి మాట, ఆ ఇటుకలాయన మాట పైకి ఒకేలా వినిపిస్తాయి. కానీ ఒకటి 1,450 డిగ్రీల వేడిలో ఉడికి, కరిగి, కొత్త పదార్థంగా మారి వచ్చిన సరుకు. ఇంకొకటి నీళ్లు పోసి కలిపి, అచ్చులో వేసి, ఆరబెట్టిన సరుకు. ఐఎస్ఐ గుర్తు ఉన్న సిమెంటు బస్తా నిశ్చింతగా కొనండి. ఆ ఇటుకలు మాత్రం పరీక్ష కాగితాలు మీ చేతికి వచ్చేదాకా ఒక్కటి కూడా ఇంటి ముందు దింపనివ్వకండి. ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది సిమెంటూ కాదు, ఇటుకా కాదు. మీ తమ్ముడి పని. దాని గురించి మీరు ఏమీ అడగలేదు. చివర చెబుతాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

నేను చాలా ఏళ్లు సిమెంటు ప్రయోగశాలల్లో ముడిసరుకు పరీక్షించిన వాడిని. గని వ్యర్థాన్ని సిమెంటులో వాడడాన్ని నేను మనసారా సమర్థిస్తాను. అందుకే దాన్ని అడ్డదారిలో వాడితే నాకు ఇంత కోపం వస్తుంది.

ముందు మీరు జారి ఆడుకున్న ఆ దిబ్బల సంగతి. కోలారులో ఆధునిక తవ్వకం 1880లో జాన్ టేలర్ కంపెనీతో మొదలైంది. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ చేతిలో ఉండగా 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మీ పక్కనే గుడుపల్లె మండలంలో ఉన్న చిగురుకుంట, బిసానత్తం గనులు కూడా అప్పట్లో ఆ సంస్థవే. బంగారు గని అంటే బయటివాళ్లకు బంగారమే గుర్తొస్తుంది గాని, టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది కొన్ని గ్రాములు. మిగిలినదంతా పిండే. ఆ పిండిని సైనైడ్ కలిపిన నీళ్లతో కలియబెట్టి, బంగారాన్ని కరిగించి తీసుకుని, మిగిలిన బురదను బయట పోస్తూ వచ్చారు. అలా పోసి పోసి 13 దిబ్బలయ్యాయి. మొత్తం దాదాపు 3.3 కోట్ల టన్నులు. వాటిలో ఇంకా మిగిలిన కొద్దిపాటి బంగారం కోసం ఆ దిబ్బలను మళ్లీ శుద్ధి చేయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో అంగీకారం తెలిపింది. అంటే అది ఎవరూ పట్టించుకోని మట్టి కాదు. యజమాని ఉన్న సరుకు. మీ దగ్గరికి వచ్చిన ఇటుకల్లో మట్టి నిజంగా ఆ దిబ్బలదే అయితే, అది ఏ అనుమతితో, ఏ బిల్లుతో బయటికి వచ్చిందో ముందు అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే బేరం ముగిసిపోతుంది.

సైనైడ్ అన్న పేరు వింటేనే గుండె జారుతుంది. మీ అమ్మమ్మగారు కోప్పడింది నూటికి నూరుపాళ్లు సరైన పనే. కానీ ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ పడి ఉన్న దిబ్బలో విడిగా ఉండే సైనైడ్ క్రమంగా విరిగి పోతుంది. ఇనుముతో ముడిపడిన సైనైడ్ మాత్రం కొంత మొండిగా మిగులుతుంది. నేను ఎక్కువ భయపడేది పేరులో కనిపించని వాటికి. ఒకటి, పిండి అంత మెత్తగా నూరిన పలుగురాయి. అది ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటికి రాదు, ఏళ్లు గడిచాక సిలికోసిస్‌గా బయటపడుతుంది. గనుల్లో పనిచేసిన తరాన్ని దగ్గరగా చూసిన మీకు ఆ దగ్గు గురించి నేను చెప్పనక్కరలేదు. రెండు, ఆర్సెనిక్. బంగారం ఉన్న రాళ్లలో అది తరచుగా తోడుగా ఉంటుంది. మూడు, గంధకంతో కలిసిన ఇనుప ఖనిజాలు. ఇవి ఏ దిబ్బలో ఎంత ఉన్నాయో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ఒకే దిబ్బలో పైపొర ఒకలా, లోపలి పొర మరోలా ఉంటుంది. ఎందుకంటే అది ఒక్కరోజు పోసినది కాదు, మూడు తరాలు పోసినది.

ఇప్పుడు మీ తమ్ముడి ఫ్యాక్టరీకి వెళదాం. సిమెంటుకు ముడిసరుకులో ఎనభై శాతం దాకా సున్నపురాయే. మిగతా దాంట్లో సిలికా, అల్యూమినా, ఇనుము కావాలి. వాటికోసం మామూలుగా బంకమట్టి, లేటరైట్ అనే ఇనుము ఉన్న ఎర్రరాయి వంటివి కలుపుతారు. గని వ్యర్థం ప్రవేశించేది ఇక్కడే. జింకు కర్మాగారాల్లో మిగిలే పసుపు రంగు జరోసైట్ బురద ఉంది. అందులో ఇనుము ఎక్కువ, దాంతోపాటు సీసం, కాడ్మియం కూడా ఉంటాయి. దాన్ని లేటరైట్‌కు బదులుగా ముడిమిశ్రమంలో ఒకటి రెండు శాతం కలపవచ్చు.  అల్యూమినియం కర్మాగారాల ఎర్రబురద, రాగి కర్మాగారాల చిట్టెం కూడా ఇదే దారిలో వస్తాయి. ఇవన్నీ సున్నపురాయితో కలిసి పిండై, కిల్న్ అనే పొడవాటి తిరిగే కొలిమిలోకి వెళతాయి. లోపల మంట దగ్గర వాయువుల వేడి 2,000 డిగ్రీలకు చేరుతుంది, సరుకు 1,450 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడిలో సైనైడ్ వంటివి నామరూపాలు లేకుండా కాలిపోతాయి. రాయి రాయిగా ఉండదు. సున్నం, సిలికా కలిసి కొత్త స్ఫటికాలు కడతాయి. క్రోమియం, నికెల్, ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం ఆ స్ఫటికాల అల్లికలో ఇరుక్కుపోతాయి. కిల్న్‌లోంచి గట్టి ఉండలుగా వచ్చే ఆ సరుకే క్లింకర్. దాన్ని జిప్సంతో కలిపి నూరితే సిమెంటు. తర్వాత అది నీళ్లతో కలిసి గట్టిపడినప్పుడు, లోపల ఉండే క్షారగుణం మిగిలిన లోహాల్లో చాలావాటిని కదలనివ్వదు.

ఇది కొత్త వింత కూడా కాదు. మీరు కొనే పీపీసీ బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా థర్మల్ కేంద్రాల బూడిద ఉండవచ్చని మన ప్రమాణాలే చెబుతాయి. స్లాగ్ సిమెంటు అంటే ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిపినదే. ఒకప్పుడు చెరువుల్లో, పొలాల్లో పడి ఊళ్లను ముంచిన బూడిద ఇవాళ గోడల్లో ఉంది. గని వ్యర్థానికి కూడా అంతటి గౌరవమైన చోటు దొరకాలన్నది నా కోరిక. ఎందుకంటే దాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుందో మనం చూశాం. బ్రెజిల్‌లోని బ్రుమాజీన్యోలో 2019 జనవరి 25న ఇనుప గని బురద కట్ట తెగి 270 మంది చనిపోయారు. హంగేరీలోని అయికా దగ్గర 2010 అక్టోబరులో ఎర్రబురద కట్ట తెగి ఇళ్ల మీదికి వచ్చింది, పదిమంది పోయారు. దిబ్బగా, మడుగుగా పేరుకుపోయిన వ్యర్థం ఎప్పటికీ ఊరికే కూర్చుని ఉండదు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మంటలో విషం కాలిపోతుందని ఫ్యాక్టరీల వాళ్లు తరచుగా అంటారు. సైనైడ్ కాలిపోతుంది, నిజమే. సీసం, కాడ్మియం, పాదరసం, థాలియం అనే విషలోహాలు మాత్రం మూలకాలు. అవి ఏ మంటలోనూ కాలి మాయం కావు. ఉన్నచోటు నుంచి ఇంకోచోటికి వెళతాయి, అంతే. పాదరసం ఆవిరై పొగగొట్టం వైపు వెళుతుంది. థాలియం, సీసం, కాడ్మియం కిల్న్‌లో ఆవిరై, కొంచెం చల్లటి చోట దుమ్ము రేణువుల మీద మళ్లీ పేరుకుంటాయి. ఆ దుమ్మును ఫిల్టర్లు పట్టుకుంటాయి. పట్టిన దుమ్మును వృథా చేయకుండా మళ్లీ ముడిసరుకులోనే కలుపుతారు. అది మళ్లీ కిల్న్‌లోకి వెళ్లి, మళ్లీ ఆవిరై, మళ్లీ దుమ్ము మీదికి చేరుతుంది. తిరిగిన కొద్దీ దుమ్ములో ఆ లోహం పెరుగుతూ పోతుంది.

ఇది ఊహ కాదు. జర్మనీలో లెంగెరిక్ అనే ఊరిలో 1979లో జరిగింది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఇనుము కోసం, గంధకపు ఖనిజాన్ని కాల్చగా మిగిలిన వ్యర్థాన్ని ముడిమిశ్రమంలో కలిపారు. మీ తమ్ముడి ఫ్యాక్టరీలో జరిగే పనిలాంటిదే. ఆ వ్యర్థంలో కొద్దిగా థాలియం ఉంది. కొద్దిగా ఉన్నది నేను పైన చెప్పిన తిరుగుడులో పెరిగి పెరిగి, దుమ్ముతో కలిసి పొగగొట్టంలోంచి ఊరి మీద పడింది. చుట్టుపక్కల మొక్కలు దెబ్బతిన్నాయి. వెయ్యిమందికి పైగా జనానికి పరీక్షలు చేస్తే మూత్రంలో థాలియం కనబడింది. మనం ఆలోచించాల్సిన విషయం ఇంకొకటుంది. అది వాళ్ల ఒంట్లోకి ప్రధానంగా చేరింది గాలి పీల్చడం వల్ల కాదు. పెరట్లో పండించుకున్న కూరగాయలు, పండ్లు తినడం వల్ల. ప్రమాదం వచ్చింది ఆ ఫ్యాక్టరీ సిమెంటుతో కట్టిన గోడల నుంచి కాదు. గోడ దగ్గర వెతికితే ఆ ప్రమాదం ఎప్పటికీ దొరికేది కాదు.

అందుకే మన దేశంలో వ్యర్థాలను కలిపి కాల్చే సిమెంటు ఫ్యాక్టరీలకు 2016లో ప్రత్యేక పరిమితులు పెట్టారు. పొగగొట్టం నుంచి వచ్చే ప్రతి ఘనమీటరు గాలిలో పాదరసం 0.05 మిల్లీగ్రాము, కాడ్మియం థాలియం రెండూ కలిపి 0.05 మిల్లీగ్రాము దాటకూడదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు మీద మెరిసే అంకెలు చూసి ఊరట పడవద్దు. అవి దుమ్ము, గంధకం, నత్రజని వాయువుల అంకెలు. లోహాలను అప్పుడప్పుడు మనుషులు వచ్చి, నమూనా తీసి, ప్రయోగశాలలో కొలవాలి. ఆ నివేదికలు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఏ వ్యర్థం కలుపుతున్నారు, నెలకు ఎన్ని టన్నులు, పొగగొట్టంలో లోహాలు చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది అని అడగాలి. ఫ్యాక్టరీ పక్క ఊళ్ల వాళ్లు అడగాల్సిన మాటలు ఇవే. సిమెంటు మంచిదేనా అని అడిగితే మంచిదే అని జవాబొస్తుంది, అది అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు ఇటుకలు. ఇందులో మంట లేదు. దిబ్బ మట్టి ఎలా ఉందో అలాగే, కొంచెం సిమెంటుతో అంటించి పెట్టినట్టు. థర్మల్ బూడిద ఇటుకలు అందరూ వాడుతున్నారు కదా, ఇదీ అంతే అని మీ వాళ్లు అనవచ్చు. బూడిద వేరు. అది ఒకసారి మంటలో కరిగి గాజులా మారిన పదార్థం, సున్నంతో కలిసి తనంతట తాను గట్టిపడుతుంది. గని మట్టిలోని పలుగురాయి అలా కలవదు, ఇసుకలా పడి ఉంటుంది. కాబట్టి ఇటుక బలమంతా అందులో వేసిన సిమెంటుదే. ధర తగ్గిందంటే మొదట అనుమానించాల్సింది ఆ సిమెంటు కూడా తగ్గిందేమోనని. కోలారు మట్టితో సరైన పాళ్లలో గట్టి ఇటుకలు చేయవచ్చని ప్రయోగశాలల్లో నిరూపించారు కూడా. అయితే అక్కడ సిమెంటు పాలు ఐదో వంతు దాకా వేశారు. అంత సిమెంటు వేసి ఎవరూ చవకగా అమ్మలేరు.

రెండో అనుమానం గంధకపు ఖనిజాలది. పైరైట్, పైరోటైట్ అనేవి రాతిలో ఉన్నంతకాలం నిద్రపోతాయి. గోడలో తేమ, గాలి తగిలితే మెల్లగా తుప్పు పడతాయి, ఉబ్బుతాయి. ఐర్లండులోని డొనెగల్, మాయో ప్రాంతాల్లో, అమెరికాలోని కనెటికట్‌లో ఇలాంటి ఖనిజాలున్న కంకరతో కట్టిన వేల ఇళ్లు పదీ ఇరవై ఏళ్ల తర్వాత పగుళ్లిచ్చి, చేత్తో తీస్తే రాలిపోయే స్థితికి వచ్చాయి. బ్యాంకు అప్పు ఇంకా తీరకముందే ఇల్లు కూల్చుకోవాల్సి వచ్చిన కుటుంబాలు అవి. యూరప్ ప్రమాణాల్లో పైరోటైట్ ఉందని తెలిస్తే కంకరలో మొత్తం గంధకం 0.1 శాతం దాటకూడదని రాసుకున్నారు. కట్టిన రోజున ఆ ఇటుకలు చూడచక్కగానే ఉంటాయి. మేస్త్రీ తట్టి చూస్తే ఖంగుమంటాయి కూడా.

ఇంకొక కథ చెప్పి ఈ ఇటుకల సంగతి ముగిస్తాను. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో గ్రాండ్ జంక్షన్ అనే పట్టణం. అక్కడ యురేనియం శుద్ధి చేసే మిల్లు పక్కన ఇసుకలా మెత్తటి వ్యర్థం గుట్టలుగా ఉండేది. 1950లలో, 60లలో ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపోయారు. పునాదుల కింద నింపారు, కాంక్రీటులో, గారలో కలిపారు. ఇళ్లు, బడులు అన్నీ. తర్వాత ఆ ఇళ్లలో రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు కొలిస్తే ఉండకూడనంత ఉంది. 1972లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, ఇళ్ల కింద నుంచి ఆ ఇసుకను తవ్వి తీయించడానికి డబ్బివ్వాల్సి వచ్చింది. కోలారు మట్టిలో యురేనియం ఉందని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. ఆ ఇసుకను తీసుకుపోయిన వాళ్లు మీలాంటి మామూలు గృహస్థులే. ఇసుక బాగుంది, ఉచితంగా వస్తోంది, అందరూ తీసుకుంటున్నారు. ఏ మిల్లు ఇసుక, అందులో ఏముంది అని ఒక్కరైనా అడిగి ఉంటే అన్ని ఇళ్లు తవ్వాల్సి వచ్చేది కాదు.

కాబట్టి ఆ ఇటుకలాయన దగ్గర రెండు కాగితాలు అడగండి. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల నుంచి ఆ మట్టి పూర్తి రసాయన విశ్లేషణ ఒకటి. ఆర్సెనిక్, సీసం, మొత్తం గంధకం, సైనైడ్ అందులో తప్పకుండా ఉండాలి. రెండోది లీచేట్ పరీక్ష. ఇటుకను నలగగొట్టి, కొంచెం ఆమ్లం కలిపిన నీటిలో 18 గంటలు తిప్పి, నీటిలోకి ఏమి దిగిందో చూసే పరీక్ష అది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పరీక్షలో సీసానికి పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు. తాగే నీటిలో మన ప్రమాణం 0.01 మిల్లీగ్రాము. అంటే 500 రెట్ల తేడా. ఆ పరీక్షలో పాసయిందంటే చెత్త పారబోసే చోట ప్రమాదకర వ్యర్థంగా చూడనక్కరలేదని మాత్రమే అర్థం, ఇంట్లో వాడుకోవచ్చని కాదు. అందుకే పాసా, ఫెయిలా అన్న ముద్ర చూడకండి, అంకె చూడండి. అంకె నాకు పంపితే చదివి చెబుతాను.

"ప్రభుత్వమే ప్రమాదకరం కాదని చెప్పింది" అని కూడా ఆయన అనవచ్చు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలియాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో బూడిద, ఎర్రబురద, జరోసైట్, గని వ్యర్థాలు వంటి వాటిని "పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ" అన్న వర్గంలో పెట్టి, ప్రమాదకర వ్యర్థాల జాబితా నుంచి మినహాయించారు. వాటికి వేరే మార్గదర్శకాలు ఉంటాయన్నారు. పాలనాపరంగా దానికి కారణాలు ఉండవచ్చు, కోట్ల టన్నులను మందుల ఫ్యాక్టరీ విషంలా డ్రమ్ముల్లో దాచలేరు. కానీ ఒక జాబితాలో లేనంత మాత్రాన సీసం సీసం కాకుండా పోదు. ఆ మినహాయింపును భద్రతా పత్రంలా చూపించి అమ్మడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

మీరు అడగకపోయినా, దిబ్బల పక్కన మీ బంధువులు ఇంకా ఉంటే వాళ్ల కోసం ఒక లెక్క. ఏడాదికి పది లక్షల టన్నుల క్లింకర్ చేసే ఫ్యాక్టరీకి సుమారు పదిహేను లక్షల టన్నుల ముడిమిశ్రమం కావాలి. అందులో రెండు శాతం గని మట్టి వేస్తే ఏడాదికి 30 వేల టన్నులు. కోలారు దిబ్బలు 3.3 కోట్ల టన్నులు. ఒక్క ఫ్యాక్టరీ తింటూ కూర్చుంటే వెయ్యేళ్లు దాటుతుంది. పైగా సున్నపురాయి ఉన్నది కడప, తాడిపత్రి, పల్నాడు, నల్లగొండ వైపు. విలువలేని మట్టిని అంతదూరం లారీల్లో మోయడానికి ఎవరూ ముందుకు రారు, మోస్తే దారి పొడుగునా దుమ్ము. ఇలా కలిపిన సిమెంటుకు పర్యావరణహితం అని ముద్ర వేసే ప్రకటనలు కూడా కొంచెం జాగ్రత్తగా చదవాలి. బంకమట్టి బదులు గని మట్టి వేస్తే బంకమట్టి తవ్వకం తగ్గుతుంది. సున్నపురాయి కాలినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు మాత్రం తగ్గదు. కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చి దిబ్బలను ఖాళీ చేస్తాయని ఎదురుచూడడం కంటే, వేసవిలో దుమ్ము లేవకుండా వాటి మీద గడ్డి, మొక్కలు నిలబెట్టించమని అడగడం అక్కడి వాళ్లకు ఇవాళే పనికొచ్చే కోరిక.

సంపు గురించి. మామూలు సిమెంటుతో ధైర్యంగా కట్టించండి. లోపలి పూత సరిగ్గా తడిపి ఆరనిచ్చాక, ఒకసారి నిండా నీళ్లు పట్టి రెండు మూడు రోజులు ఉంచి పారబోయండి. కొత్త సిమెంటులోని సున్నపు ఘాటు దానితో చాలావరకు పోతుంది. అప్పుడు కడిగి వాడుకోండి. పని జరిగేటప్పుడు మేస్త్రీకి, కూలీలకు చేతి తొడుగులు కొనివ్వండి. కిల్న్ వేడిలో క్రోమియంలో కొంత భాగం నీళ్లలో కరిగే చెడ్డ రూపానికి మారుతుంది. తాపీపనివాళ్ల చేతులు పగిలి, దురద పెట్టి, ఏళ్ల తరబడి మానకపోవడానికి అదొక కారణం. యూరప్‌లో 2005 నుంచి ఆ రూపం పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు మించిన సిమెంటును అమ్మనివ్వడం లేదు. మన దగ్గర మేస్త్రీల చేతులను ఎవరూ లెక్కపెట్టరు.

ఇక మీ తమ్ముడు. పైన నేను చెప్పిన తిరుగుడు గుర్తుంది కదా. సీసం, కాడ్మియం, థాలియం ఎక్కడ పోగవుతాయి? బస్తాలో కాదు, గోడలో కాదు. ఫిల్టర్ పట్టిన దుమ్ములో. మొత్తం ఫ్యాక్టరీలో ఆ లోహాలు ఎక్కువగా ఉండే చోటే మీ తమ్ముడి డ్యూటీ. ఫిల్టర్ సంచులు దులిపేటప్పుడు, మార్చేటప్పుడు, కింది తొట్టి అడ్డుపడితే చేత్తో తీసేటప్పుడు ఆ దుమ్ము ముఖం మీదే పడుతుంది. చాలామంది తువ్వాలు ముక్కుకు చుట్టుకుని పనిచేస్తారు. తువ్వాలు ఇసుకను ఆపుతుంది. ఈ దుమ్మును ఆపదు. ముఖానికి అంటుకుని కూర్చునే, సన్నటి ధూళి కోసం తయారైన మాస్కు కావాలి. అది ఇవ్వడం ఫ్యాక్టరీ బాధ్యత, కాంట్రాక్టరు కింద పనిచేసినా సరే. ఒక్కడే అడిగితే ఉద్యోగం పోతుందని భయపడతాడు, నాకు తెలుసు. ఆ విభాగంలో ఉన్నవాళ్లంతా కలిసి రాసి ఇస్తే అది సంతకాలున్న కాగితం అవుతుంది. రక్తంలో సీసం పరీక్ష ఒకసారి చేయించుకోమనండి. కలుపుతున్న వ్యర్థం ఏమిటో తెలుసుకుని ఆ పేరు డాక్టరుకు చెప్పమనండి. అన్నం తినే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి, ఆ చోట బీడీ, గుట్కా నోట్లో పెట్టకూడదు. సీసం ఊపిరితోపాటు నోటి దారిలో కూడా ఒంట్లోకి వెళుతుంది.

మీ పాప గురించి గోడలను అనుమానించారు. నేనైతే నెలకోసారి తమ్ముడి సంచిలో వచ్చే ఆ డ్యూటీ బట్టలను ముందు అనుమానిస్తాను. నాలుగేళ్ల పిల్ల నేల మీద ఆడుతుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవాళ్లను ఏమీ చేయనంత సీసం ఆ వయసు మెదడును దెబ్బతీస్తుంది. ఆ బట్టలు ఇంట్లో దులపడం, పాప బట్టలతో కలిపి నానబెట్టడం ఈ నెల నుంచే మానేయండి. ఫ్యాక్టరీలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అవి అక్కడే ఉతికించుకుని రమ్మని తమ్ముడికి చెప్పండి. అది కుదిరేదాకా, వచ్చినవాటిని సంచితో సహా నీళ్లలో ముంచి, తడిగానే తీసి, విడిగా ఉతకండి. ఉతికిన నీళ్లు కూరమళ్లలోకి పోనివ్వకండి. చెప్పులు గుమ్మం బయటే విడవమనండి.